తొమ్మిదో ప్రతిజ్ఞ, పదో ప్రతిజ్ఞ

ధమ్మ పాఠం: జాతివివక్షను తెలుసుకోవడం, ఎదిరించడం



1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనకిచ్చిన 22 ప్రతిజ్ఞలు మనలో చాలామందికి నోటికొచ్చు. విహారంలో చదువుతాం, పెళ్ళిళ్ళలో చదువుతాం, కొత్త ఇంట్లోకి పోయేటప్పుడు చదువుతాం. గుంపుగా చదివేటప్పుడు గొంతు ముందు పరిగెత్తుతుంది, అర్థం వెనకబడుతుంది. అందుకని ఈ పాఠంలో రెండే రెండు ప్రతిజ్ఞల దగ్గర ఆగుదాం.

మనుషులంతా సమానమేనని నమ్ముతానని తొమ్మిదో ప్రతిజ్ఞలో అంటాం. ఆ సమానత్వాన్ని నెలకొల్పడానికి పాటుపడతానని పదోదాంట్లో అంటాం. రెండూ ఒకటే కదా, రెండుసార్లు ఎందుకు చెప్పించాడు అని అడిగేవాళ్ళున్నారు. బాబాసాహెబ్ ఒక్క మాట కూడా దండగకు రాసే మనిషి కాదు. తొమ్మిదోది మనసులో ఉండేది. "నేను ఎవర్నీ తక్కువగా చూడనండీ" అంటే అది తొమ్మిదోది. పక్కవాడు ఇంకొకర్ని తక్కువగా చూస్తుంటే నేను ఏం చేశాను అనేది పదోది. మనలో తొమ్మిది దాకా వచ్చినవాళ్ళు చాలామంది. పది దగ్గరే జనం పలచబడతారు.

ఈసారి పాఠం జాతివివక్ష గురించి. అంటే రంగు చూసి, పుట్టుక చూసి, ఏ దేశం, ఏ తెగ అని చూసి మనిషికి వెలకట్టడం గురించి. "అన్నా, ఇక్కడ కులంతోనే చస్తుంటే అమెరికా నల్లోళ్ళ సంగతి మనకెందుకు?" అని ఎవరన్నా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మాటతోనే మొదలుపెడదాం.

జాతి అనే మాట

తెలుగులో 'జాతి' చాలా పనులు చేసే మాట. దేశాన్నీ జాతి అంటాం. కులాన్నీ జాతి అంటాం. అడవిలో ఉండేవాళ్ళనీ ఫలానా జాతి అంటాం. మన ఒంగోలు గిత్తనూ మంచి జాతి అంటాం. కోపమొస్తే మాత్రం "నీ జాతి బుద్ధి ఎక్కడికి పోద్ది?" అంటారు. ఈ చివరి వాడుకలో దేశం, కులం, తెగ, రక్తం అన్నీ కలిసిపోతాయి. అనేవాడికి ఏదయినా ఒకటే. పుట్టుకతోనే నువ్వింతే అని చెప్పడమే వాడికి కావాల్సింది.

పాళీలో జాతి అంటే పుట్టుక. 'వర్ణం' అంటే రంగు, ఆ మాటే సమాజంలో మెట్లకూ పేరయింది. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళు నడిపిన పాలనను తెలుగు పత్రికలు వర్ణవివక్ష అని రాశాయి. సరైన మాటే దొరికింది, ఎందుకంటే మన దగ్గర ఆ రోగం అంతకన్నా పాతది.

రంగుతో మనిషిని కొలవడం తెల్లదొరలు తెచ్చారని కొందరు అనుకుంటారు. మజ్ఝిమ నికాయంలో అస్సలాయన సుత్తం, మధుర సుత్తం చదవండి. బ్రాహ్మణులే శ్రేష్ఠులు, వాళ్ళే తెల్లని వర్ణం, మిగతావాళ్ళు నల్లని వర్ణం అనే వాదం అప్పటికే ఉంది. అస్సలాయనుడనే కుర్ర పండితుణ్ణి పెద్దలు బలవంతంగా బుద్ధుడి మీదికి వాదానికి పంపుతారు. బుద్ధుడు కోప్పడడు. ప్రశ్నలు వేస్తాడు. యవన, కాంభోజ దేశాల్లో యజమానీ బానిసా అని రెండే రెండు వర్ణాలు ఉన్నాయటగదా, అక్కడ యజమాని బానిస కావచ్చు, బానిస యజమాని కావచ్చునటగదా, విన్నావా అంటాడు. విన్నానంటాడు ఆ కుర్రాడు. ఒక దేశంలో నాలుగు, ఇంకో దేశంలో రెండు, అవీ తారుమారు అవుతాయంటే అది మనుషులు కట్టుకున్న ఏర్పాటేగా మరి! చందనం కట్టెతో రాజేసిన నిప్పయినా, కుక్క తాగే తొట్టి చెక్కతో రాజేసినదయినా, ఆముదం కట్టెతో రాజేసినదయినా వేడీ వెలుగూ ఒకటేనా కాదా అని కూడా అడుగుతాడు. ఆముదం కట్టెతో పొయ్యి రాజేసిన మన ఆడవాళ్ళకి ఆ జవాబు ఏ పండితుడూ చెప్పక్కర్లేదు.

వాసెట్ఠ సుత్తం ఇంకా సూటిగా పోతుంది. గడ్డీ చెట్లూ, పురుగులూ పాములూ, చేపలూ పక్షులూ, వీటిలో పుట్టుకతో వచ్చే తేడాలు కంటికి కనపడతాయి. మనుషుల్లో జుట్టు నుంచి పాదం దాకా వెతికినా అట్లాంటి జాతి గుర్తు లేదు. పశువులు కాసి బతికితే కాపరి, వ్యాపారం చేస్తే వ్యాపారి. ఈ పేర్లన్నీ పనిని బట్టి జనం పెట్టుకున్నవి. రెండున్నర వేల ఏళ్ళ తరవాత జన్యుశాస్త్రం కూడా అదే చెప్పింది. ఏ ఇద్దరు మనుషుల్ని తీసుకున్నా జన్యువుల్లో దాదాపు 99.9 శాతం ఒకటే.

ముక్కు కొలిచిన దొర

మరి ఈ 'తక్కువ జాతి' సిద్ధాంతం ఎట్లా పుట్టింది? ఇక్కడ వరస ముఖ్యం. ముందు దోపిడీ వచ్చింది, దాన్ని సమర్థించడానికి సిద్ధాంతం తరవాత వచ్చింది. 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా సుమారు కోటీ పాతిక లక్షల మంది ఆఫ్రికన్లను ఓడల్లో కుక్కి అట్లాంటిక్ దాటించారు. దాదాపు 20 లక్షల మంది దారిలోనే చచ్చిపోయారు. చెరకు తోటల్లో, పత్తి చేలల్లో కూలీ ఇవ్వకుండా చాకిరీ చేయించుకోవాలి. ఆదివారం చర్చికి పోయే యజమానికి మనస్సాక్షి అడ్డం రాకూడదు. అందుకని వీళ్ళు పూర్తి మనుషులు కారన్నారు. పుర్రెలు కొలిచారు. బైబిల్లో వాక్యాలు వెతికారు. మన దగ్గర బ్రహ్మ పాదాల నుంచి పుట్టారన్నారు చూడండి, పని అదే.

ఆ కొలతబద్ద మన దగ్గరికీ వచ్చింది. 1901 జనాభా లెక్కలు నడిపిన రిస్లీ దొర మనుషుల ముక్కులు కొలిచి, ముక్కు ఎంత సన్నగా ఉంటే కులం అంత పెద్దదన్నాడు. నవ్వొస్తుంది గానీ దీన్ని చదువుకున్నవాళ్ళే నమ్మారు. బాబాసాహెబ్ 1936లో రాసిన 'కులనిర్మూలన'లో దీన్ని పట్టుకుని అడిగాడు. పంజాబ్ బ్రాహ్మణుడికీ మద్రాసు బ్రాహ్మణుడికీ జాతిలో ఏం పోలిక ఉంది? పంజాబ్ బ్రాహ్మణుడికీ పంజాబ్ చమార్‌కీ తేడా ఏముంది? 1948లో 'అంటరానివారు' పుస్తకంలో ఆ ముక్కు కొలతలనే తీసుకుని, బ్రాహ్మణుడూ అంటరానివాడూ వేర్వేరు జాతులనే వాదాన్ని పడగొట్టాడు. కత్తి వాళ్ళదే, పిడి మాత్రం ఈయన చేతిలో ఉంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన వేదికల మీద కూడా అప్పుడప్పుడూ "వాళ్ళది ఆర్య రక్తం, మనది వేరే రక్తం" అనే ఉపన్యాసాలు వింటాం. చప్పట్లు బాగా పడతాయి. కానీ 1946లో 'శూద్రులెవరు?' పుస్తకంలో ఆర్యజాతి సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ ఒక్కొక్క ఆధారం విప్పి తోసేశాడు. ఆయన పేరు చెప్పి రక్తం కథలు చెప్పడం నాకు సరిగా అనిపించదు.

నల్లవాళ్ళ పోరాటానికీ మనకీ ఉన్న చుట్టరికం పాతదే. 1873లో జోతిబా ఫూలే 'గులాంగిరి' రాసి, బానిసత్వాన్ని రద్దు చేయడానికి పోరాడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1913 నుంచి 1916 దాకా బాబాసాహెబ్ చదివిన కొలంబియా విశ్వవిద్యాలయం న్యూయార్క్‌లో నల్లవాళ్ళ పేట హార్లెంకు ఆనుకునే ఉంది. 1946లో ఆయన నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. అమెరికా నీగ్రోలు ఐక్యరాజ్యసమితికి అర్జీ పెట్టుకున్నారని విన్నాను, దాని ప్రతి కావాలి, మేమూ అట్లా చేయాలనుకుంటున్నాం అని ఆ ఉత్తరం సారాంశం. డుబోయిస్ జవాబిచ్చాడు, మీ పేరు నాకు తెలుసు, అంటరానివాళ్ళ పట్ల నాకు పూర్తి సానుభూతి ఉందన్నాడు. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ కేరళలో ఒక దళిత పిల్లల బడికి పోతే, అక్కడి పెద్దాయన ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడు అని పిల్లలకు పరిచయం చేశాడు. కింగ్ మొదట నొచ్చుకున్నాడు. తరవాత ఆలోచించి, అవును, నేనూ నా దేశంలో నల్లవాళ్ళంతా అంటరానివాళ్ళమే అని ఒప్పుకున్నాడు. 1972లో బొంబాయి కుర్రాళ్ళు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది బ్లాక్ పాంథర్లను చూసే.

అంతమాత్రాన కులమూ జాతీ ఒకటేనని కాదు. నల్లవాణ్ణి రంగుతో గుర్తుపడతారు. మనల్ని గుర్తుపట్టడానికి ఇంటిపేరు అడుగుతారు, ఊళ్ళో ఏ వీధి అని అడుగుతారు. రోగాలు రెండు. పుట్టిన గుణం ఒకటి.

దెబ్బతిన్న తెలుగువాళ్ళు

తెలుగువాళ్ళు జాతివివక్షకు గురైన కథలూ ఉన్నాయి. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూన్ పోయిన తెలుగు కూలీలను అక్కడ 'కోరంగీలు' అని తక్కువగా పిలిచేవాళ్ళు. ఓడరేవుల్లో మూటలు మోసింది వీళ్ళే, రిక్షాలు లాగిందీ వీళ్ళే. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేస్తే యజమానులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరాక వాళ్ళను పొమ్మన్నారు. పేదలూ పేదలూ కొట్టుకున్నారు. వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే. ఓడల కంపెనీల వాళ్ళకు మాత్రం గీత కూడా పడలేదు.

2017 ఫిబ్రవరి 22న అమెరికా కాన్సస్ రాష్ట్రం ఒలేతేలో మన హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను, నా దేశం నుంచి పో అని అరుస్తూ ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. వాణ్ణి పట్టుకోబోయి ఇయాన్ గ్రిలాట్ అనే 24 ఏళ్ళ తెల్ల కుర్రాడు తూటా తిన్నాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాం. 2023 జనవరిలో సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న కర్నూలు జిల్లా ఆదోని అమ్మాయి కందుల జాహ్నవిని పోలీసు కారు గుద్ది చంపింది. ఆమె ప్రాణం ఏమంత విలువైంది, ఓ పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే సరి అని ఇంకో పోలీసు ఫోనులో నవ్వాడు. ఆ నవ్వు రికార్డయింది కాబట్టి లోకానికి తెలిసింది. మన తెలుగునాడంతా రగిలిపోయింది. రగలాల్సిందే.

అదే సియాటిల్‌లో, జాహ్నవి చనిపోయిన నెల లోపే, ఫిబ్రవరి 21న, నగర కౌన్సిల్ కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికాలో అట్లా చేసిన మొదటి నగరం అది. దాన్ని ప్రతిపాదించింది క్షమా సావంత్. అక్కడ కులవివక్ష చేసేది తెల్లవాళ్ళు కాదు కదా. మన దేశం నుంచి సూట్‌కేసులో కులాన్ని మడతపెట్టి తీసుకుపోయినవాళ్ళే. అందులో తెలుగువాళ్ళు లేరని ఎవరన్నా అంటే నమ్మడం కష్టం. వాళ్ళే తెల్లవాడు నల్లగా చూశాడని బాధపడతారు, వాళ్ళే గదిలో ఉండే కుర్రాడి ఇంటిపేరు కూపీ లాగుతారు. ఒక చెంప మీద దెబ్బ తిన్నంత మాత్రాన, ఇంకొకర్ని కొట్టే చెయ్యి ఆగుతుందనే హామీ లేదు.

ఇది వాళ్ళకే వర్తిస్తుందనుకుంటే ఈ పాఠం అక్కర్లేదు. మన వైపు చూద్దాం.

తిట్టు మీద బుద్ధుడి నియమం

వినయ పిటకంలో భిక్షువులకు పెట్టిన నియమాల్లో ఒకటుంది, దాన్ని ఓమసవాద నియమం అంటారు. పాచిత్తియ నియమాల్లో రెండోది. తోటి భిక్షువును పుట్టుక పేరుతో, పేరుతో, గోత్రం పేరుతో, పని పేరుతో, వృత్తి పేరుతో, రోగం పేరుతో, ఒంటి తీరు పేరుతో కించపరిస్తే తప్పు. చండాలుడా, బుట్టలల్లేవాడా, వేటగాడా, పాకీవాడా అని ఆనాడు వాడే తిట్లన్నీ ఒక్కొక్కటిగా అందులో రాసి ఉన్నాయి. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఏంటంటే, తమాషాకు అన్నానంటే కూడా వదల్లేదు. తప్పు చిన్నదవుతుంది, అంతే. దుర్భాషగా లెక్కపడుతుంది. "ఊరికే జోక్ చేశాన్లే బావా" అనేది ఆ రోజుల్లో కూడా ఉన్నట్టుంది.

ఆ నియమం పెట్టేటప్పుడు బుద్ధుడు చెప్పిన కథ మన ప్రాంతం వాళ్ళకి భలే నచ్చుతుంది. తక్షశిలలో ఒక బ్రాహ్మడికి నందివిశాలుడనే ఎద్దు ఉంది. చిన్నప్పటి నుంచీ గంజి పోసి బిడ్డలా పెంచాడు. ఆ రుణం తీర్చాలని ఎద్దే యజమానిని పందెం కాయమంటుంది, వంద బళ్ళు ఒకదానికొకటి కట్టినా లాగుతానంటుంది. వెయ్యి పందెం. బళ్ళు నిండా ఇసకా రాళ్ళూ నింపారు. తీరా కాడి కట్టాక బ్రాహ్మడు ముల్లుకర్ర ఎత్తి, లాగరా దొంగముండా అన్నట్టుగా ఒక నీచపు మాట అన్నాడు. ఎద్దు నాలుగు కాళ్ళూ స్తంభాల్లా పాతుకుని కదల్లేదు. పందెం పోయింది. ఇంటికొచ్చి మంచమెక్కిన యజమానిని ఎద్దు అడుగుతుంది, ఇన్నేళ్ళలో నీ కుండ పగలగొట్టానా, ఎవరినన్నా పొడిచానా, మరి ఆ మాట ఎందుకన్నావు? ఈసారి రెండు వేలకు కాయి, ఆ మాట మాత్రం అనకు. మర్నాడు వీపు నిమిరి, మంచి మాటతో పిలిచాడు. వంద బళ్ళూ కదిలాయి.

ఒంగోలు గిత్తలతో బండలాగుడు పందేలు చూసి పెరిగినవాళ్ళం. గిత్తకు గంట కట్టి, పసుపు రాసి, పేరుపెట్టి పిలుస్తారు. ఆ గిత్తను మేపే జీతగాణ్ణి ఏమని పిలుస్తారో కూడా మనకు తెలుసు.

ఇంకొక సంగతి. బుద్ధుడి తరవాత రాజగృహంలో భిక్షువులంతా కూడి ధమ్మాన్నీ వినయాన్నీ ఒకచోట చేర్చారు. వినయమంతా అప్పజెప్పింది ఉపాలి. మంగలి ఉపాలి. పుట్టుక పేరుతో, వృత్తి పేరుతో ఎవర్నీ కించపరచకూడదనే నియమం సంఘానికి ఒక మంగలి నోటి నుంచి అందింది.

మన నోటి మాటలు

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, దోర్నాల వైపు నల్లమల అంచుల్లో చెంచులున్నారు. ఊళ్ళ చివర యానాదులున్నారు, ఎరుకలవాళ్ళున్నారు. వాళ్ళ గురించి మన పల్లెల్లో మాట్లాడుకునే మాటలు విన్నారా? మురికిగా ఉండేవాణ్ణి ఏమంటారు? ఇంట్లో వస్తువు పోతే మొదట ఎవరి గుడిసె వైపు చూస్తారు? అగ్రకులాల వీధుల్లోనే కాదు, మన వీధుల్లో కూడా.

ఈ దొంగ ముద్ర ఎవరు వేశారో తెలుసుకుంటే సిగ్గేస్తుంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త జాతుల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దాని ప్రకారం నేరం చేయక్కర్లేదు, ఆ జాతిలో పుడితే చాలు. వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. ఎరుకలవాళ్ళను తెచ్చి బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టారు. అట్లాంటిదే కావలిలో ఉండేది. చట్టం 1952లో రద్దయింది. స్టువర్టుపురం అనగానే నవ్వే నవ్వు మాత్రం రద్దు కాలేదు, సినిమాలు దాన్ని ఇంకా మేపాయి. బాబాసాహెబ్ 'అంటరానివారు' ముందుమాటలో అంటరానివాళ్ళనూ ఆదివాసులనూ నేరస్త జాతులన్నవాళ్ళనూ ఒకే వరసలో నిలబెట్టి, ఈ ముగ్గురినీ తయారుచేసిన నాగరికతను నాగరికత అంటారా అని నిలదీశాడు. ఆయన ఒక వరసలో పెట్టినవాళ్ళను మనం విడదీసి చూడటం ఏ ధమ్మం?

మాలా మాదిగా సంగతి ఇంకా దగ్గరిది, ఇంకా నొప్పి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపితే, చీరాల శిబిరంలో అందరం ఒకటయ్యాం. మాలా మాదిగా తేడా లేకుండా దళిత మహాసభ పుట్టింది. ఆ ఉద్యమం వేడే 1989 అత్యాచార నిరోధక చట్టం రావడానికి ఒక కారణం. తొమ్మిదేళ్ళకు, 1994 జూలై 7న, అదే ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మోగింది. వర్గీకరణ మీద సుప్రీంకోర్టు 2004లో ఒకటి చెప్పింది, 2024 ఆగస్టు 1న దాన్ని మార్చి రాష్ట్రాలకు ఆ అధికారం ఉందన్నది. ఈ పాఠం చదివేవాళ్ళలో రెండు వైపులవాళ్ళూ ఉంటారు, వాదించుకోండి, అది రాజ్యాంగంలో వాదించుకోవాల్సిన విషయమే. కానీ వాటా గురించి వాదన వేరు, ఆ వాదన ముదిరినప్పుడు నోట్లోంచి వచ్చే పాత కులం తిట్టు వేరు. బౌద్ధం తీసుకుని పదేళ్ళయినా పిల్లకు సంబంధం చూసేటప్పుడు "మనోళ్ళేనా?" అనడం వేరు. రెల్లి కుటుంబం పిలిస్తే భోజనానికి పోయి మంచినీళ్ళు మాత్రం తాగకుండా రావడం వేరు. వీటికి కోర్టు తీర్పుతో పనిలేదు.

ఇక్కడ చట్టం ఒక చోట ఆగిపోతుందని తెలుసుకోవాలి. ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద ముద్దాయి ఎస్సీ గానీ ఎస్టీ గానీ కానివాడయి ఉండాలి. అంటే కులం పేరుతో తిట్టిన అగ్రకులంవాడి మీద కేసు పెట్టగలం. మనలో ఒకడు ఒక యానాదిని అదే మాట అంటే ఆ చట్టం వాడి జోలికి రాదు. మాల మాదిగను అన్నా, మాదిగ రెల్లిని అన్నా అంతే. చట్టం పట్టుకోని ఈ చోటును మనకు మనమే పట్టుకోవాలి. పదో ప్రతిజ్ఞ ఉన్నది అందుకే.

ఇక రంగు. ఆడపిల్ల పుట్టగానే "నలుపా, చామనఛాయా?" అని అడిగేవాళ్ళలో మనమూ ఉన్నాం. నల్లజాతివాళ్ళ ఉద్యమం దెబ్బకు 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోంచి తెలుపును తీసేసుకుంది. మన పెళ్ళిచూపుల్లో నుంచి తీసే కంపెనీ ఏదీ లేదు. హైదరాబాద్‌లో చదువుకునే ఆఫ్రికా పిల్లల గురించి, పోలీసులు కూడా వాడే మాటలు వినండి. ఆ నగరంలోనే ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికన్ అశ్వదళం పేరు అది. తరాలుగా ఇక్కడే పుట్టి తెలుగూ ఉర్దూ మాట్లాడే సిద్దీలను ఇంకా ఏ దేశం అని అడుగుతారు. చీమకుర్తి క్వారీల్లో రాళ్ళ మధ్య బతికే ఒడిశా, బీహార్ కూలీలను మనవాళ్ళు ఎట్లా పిలుస్తారో, బెంగుళూరు అపార్ట్‌మెంట్ల దగ్గర రేకుల షెడ్లలో ఉండే మన పొదిలి, కనిగిరి కూలీలను అక్కడివాళ్ళు అట్లానే పిలుస్తారు.

పని మొదలు

అష్టాంగ మార్గంలో సమ్యక్ వ్యాయామం ఉంది. వ్యాయామం అంటే కసరత్తు, పూనిక. దాంట్లో నాలుగు పనులున్నాయి. పుట్టని చెడును పుట్టనీయకపోవడం, పుట్టినదాన్ని వదిలించడం, పుట్టని మంచిని పుట్టించడం, పుట్టినదాన్ని నిలబెట్టడం. పొగాకు వేసేవాళ్ళకు విడమర్చి చెప్పక్కర్లేదు. పొగాకు మల్లె మొదట నేల మీద కనపడదు. కింద వేరును పట్టుకుని పీలుస్తుంది. పైకొచ్చి పూసేనాటికి మొక్క సగం చచ్చి ఉంటుంది. దాని విత్తనం ఏళ్ళ తరబడి మట్టిలో ఉండగలదు. ఒక్కసారి పీకి ఇంటికి పోతే సరిపోదు, పూత రాకముందే పీకాలి, మళ్ళీ వచ్చే ఏడూ పీకాలి.

మొదటి పని పిల్లల దగ్గర. అయిదేళ్ళ పిల్లోడికి ఎరుకల అంటే దొంగ అని పుట్టుకతో తెలియదు. మనం అన్నం తినిపిస్తూ "తినకపోతే ఫలానావాడికి పట్టిస్తా" అంటాం చూడండి, అక్కడ విత్తనం పడుతుంది.

రెండోది వదిలించడం, ఇదే కష్టం. బంధువుల మధ్య ఎవరో ఒక మాట అంటారు. పెద్ద మనిషి, పెదనాయన వరస. ఎదురు చెబితే మర్యాద పోతుందని ఊరుకుంటాం. ఇక్కడ బుద్ధుడు మంచి మాటకు చెప్పిన అయిదు గుణాలు పనికొస్తాయి: సమయానికి చెప్పడం, నిజం చెప్పడం, మృదువుగా చెప్పడం, మేలు కలిగేది చెప్పడం, ప్రేమతో చెప్పడం. నలుగురిలో పరువు తీయక్కర్లేదు. పక్కకు తీసుకుపోయి, "పెదనాయనా, మనల్ని అదే మాట అంటే మీ కాలంలో మీరు కొట్లాటకు పోయారు కదా" అంటే చాలాసార్లు చాలు. చాలని చోట గట్టిగానే చెప్పాలి. మృదువుగా అంటే మింగేయడం కాదు.

ఉపాలి కథకు మళ్ళీ వద్దాం, ఎందుకంటే పదో ప్రతిజ్ఞకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. శాక్య రాకుమారులు ఆరుగురు భిక్షువులు కావడానికి వచ్చారు, వాళ్ళతో వాళ్ళ మంగలి ఉపాలి కూడా. సంఘంలో ముందు దీక్ష తీసుకున్నవాడికి తరవాత తీసుకున్నవాడు మొక్కాలి. ఆ రాకుమారులు బుద్ధుణ్ణి ఏమడిగారు? ముందు ఉపాలికి దీక్ష ఇవ్వండి, అప్పుడు మేం అతనికి మొక్కాల్సి వస్తుంది, మా శాక్యుల గర్వం అణుగుతుంది అన్నారు. ఉపాలి మీద మాకు చిన్నచూపు లేదని చెప్పి ఊరుకోలేదు. వరసనే మార్చమన్నారు. మన కమిటీల్లో అధ్యక్షుడు ఎవరు, కుర్చీలు సర్దేది ఎవరు, వంట చేసేది ఎవరు అని ఒకసారి కాగితం మీద రాసి చూడండి. అన్నట్టు ఆ ఆరుగురిలో దేవదత్తుడూ ఉన్నాడు. ఒకసారి మొక్కినంత మాత్రాన అందరి గర్వమూ అణగదని ధమ్మం మనకు దాచకుండానే చెప్పింది.

మన నేల మీద కూడా ఆ వరస మారిన గుర్తులున్నాయి. దొనకొండ దగ్గర చందవరంలో గుండ్లకమ్మ ఒడ్డున కొండ మీద స్తూపం ఉంది, చూడనివాళ్ళు పిల్లలతో పోయి చూడండి. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చినవాళ్ళలో విధికుడనే చర్మకారుడు ఉన్నాడు. వృత్తి దాచుకోలేదు. చర్మకారుడనే రాతి మీద రాయించుకున్నాడు, తల్లినీ భార్యనూ పిల్లల్నీ కలిపి. రెండు వేల ఏళ్ళ కిందట ఈ ఆంధ్రదేశంలో ఒక తోలుపని చేసే మనిషి తన పేరు స్తూపం మీద తలెత్తుకుని రాయించుకోగలిగాడు.

ఇక కళ్ళ ముందు అన్యాయం జరుగుతున్నప్పటి సంగతి. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జి ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు నొక్కి చంపితే, 17 ఏళ్ళ డార్నెల్లా ఫ్రేజియర్ కదలకుండా నిలబడి ఫోనులో తీసింది. ఆ వీడియో లేకపోతే పోలీసుల మొదటి ప్రకటనే నిలిచేది, అందులో మోకాలి మాటే లేదు. ఇయాన్ గ్రిలాట్ తుపాకీకి ఎదురుపోయాడు. అంత పని అందరం చేయలేం, చేయమని చెప్పను కూడా. డార్నెల్లా చేసింది చేయగలం. అక్కడి నుంచి కదలకపోవడం, రికార్డు చేయడం, తేదీ, టైము, అన్న మాట అన్నట్టే, చూసినవాళ్ళ పేర్లు ఆ రాత్రే కాగితం మీద రాసిపెట్టడం. స్టేషనుకు బాధితుడితో కలిసి పోవడం. అత్యాచార కేసు దర్యాప్తు డీఎస్పీ హోదా అధికారి చేయాలి. కావాలని విధి తప్పిన అధికారి మీద సెక్షన్ 4 ఉంది. సాక్షుల రక్షణకు 15ఎ ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14566. మన కేసులు ఎక్కువగా ఓడిపోయేది సాక్షులు జారిపోయినప్పుడే. కాపు ఇంట్లో కూలికి పోవాలి, పొగాకు బ్యారన్ దగ్గర పని ఉండాలి, నిజమే. అందుకే సాక్షిని ఒంటరిగా వదలకూడదు. అతని కూలి పోతే ఆ నెల బియ్యం ఎవరు పెడతారో ముందే అనుకోవాలి. మోంట్‌గోమరీలో నల్లవాళ్ళు 381 రోజులు బస్సెక్కకుండా ఉండగలిగింది ఒక్క ఉపన్యాసం బలంతో కాదు. సొంత కార్లు పెట్టుకుని, ఎవర్ని ఎవరు ఎక్కించుకోవాలో టైములు రాసుకుని, చర్చిల్లో చందాలు పోగుచేసుకుని నడిపారు.

చెంచు కోసం, యానాది కోసం, బీహార్ కూలీ కోసం కూడా ఇవే పనులు. మన కేసుకు వాళ్ళు రావాలని కోరుకుంటాం కదా.

చర్చకు

వచ్చే పౌర్ణమికి విహారంలో కూర్చున్నప్పుడు ఈ పాఠం ఒకరు చదవండి, మిగతావాళ్ళు వినండి. చదవడం వచ్చిన ఆడవాళ్ళు చదివితే మంచిది. తరవాత ఒక్కొక్కరూ మీ ఇంట్లో, మీ వీధిలో వేరే జాతివాళ్ళ గురించి వాడే ఒక సామెత గానీ తిట్టు గానీ బయటపెట్టండి. దాన్ని సమర్థించుకోవద్దు, నవ్వొద్దు, కాగితం మీద రాయండి. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది, దానివల్ల ఎవరికి లాభం కలిగింది అని మాట్లాడుకోండి. మీ ఊళ్ళో యానాది, ఎరుకల, చెంచు పిల్లల్లో ఎంతమంది బడికి పోతున్నారో, ఎంతమందికి కులధ్రువీకరణ పత్రం ఉందో లెక్క రాసుకుని రండి. మీ విహారం కమిటీలో ఎవరెవరు ఉన్నారు, ఎవరు లేరు అన్నది కూడా ఆ కాగితం మీదే రాయండి.